నాయనకు చెవి లోపల పెట్టే మిషన్, ఐటీసీ తీసుకోవచ్చా? వాడినవాళ్లు చెప్పండి

కొర్లగుంట కుర్రోడు, తిరుపతి

అందరికీ నమస్కారం. మా నాయనకు 67 ఏళ్లు. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. సర్వీసులో ఎక్కువ కాలం కొండ బస్సే నడిపారు. పక్కనే ఇంజన్ మోత, మలుపు మలుపుకీ హారన్. మూడేళ్లుగా వినికిడి తగ్గుతూ వస్తోంది కానీ ఆయన ఒప్పుకునేవారు కాదు. "నాకు బాగానే వినపడుతుంది, మీరే నోట్లో నోట్లో మాట్లాడుకుంటారు" అనేవారు. పోయిన నెల మా అమ్మ రాత్రిపూట వంటింట్లో జారిపడింది. పక్క గదిలోనే ఉన్నా ఆమె పిలుపు ఆయనకు వినపడలేదు. ఎదురింటివాళ్లు వచ్చి తలుపు కొట్టి లేపారు. దేవుడి దయవల్ల దెబ్బ చిన్నదే. ఆ రోజు నుంచి నాయన తానే "చూపించండిరా" అంటున్నారు.

ఈఎన్‌టీ డాక్టరు గుబిలి తీసి, కర్ణభేరి బాగుందన్నారు. ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్ష తీయించారు. నరం బలహీనత, మందులతో తిరిగి రాదు, రెండు చెవులకూ మిషన్ పెట్టుకోవాలి అన్నారు. చెవి వెనక పెట్టేది అయితే నాయన ససేమిరా అంటున్నారు. కళ్లజోడు ఉంది, స్కూటర్ మీద పోతే హెల్మెట్ ఉంది, పైగా నలుగురూ చూస్తారన్న బాధ. చెవి రంధ్రం మొదట్లో కూర్చునే ఐటీసీ అనేది ఉందని చెప్పారు. చెప్పిన ధర మాకు పెద్ద మొత్తమే. నిజంగా ఉపయోగం ఉంటుందా? లేక కనపడకుండా ఉండటం కోసమే అంత డబ్బా?

పలమనేరు టీచరమ్మ

నాయనా, నేను నాలుగేళ్లుగా ఐటీసీ వాడుతున్నాను, రెండు చెవులకూ. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. క్లాసులో వెనక బెంచీ పిల్లలు అడిగే ప్రశ్నలు వినపడక ఆఖరి రెండేళ్లు చాలా నలిగిపోయాను. అప్పుడే పెట్టుకుని ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

కనపడకపోవడం అనేది దాని లాభాల్లో చిన్నది. నాకు దక్కిన పెద్ద సుఖం ఫోను. చెవి వెనక పెట్టే మిషన్‌కు మైకు చెవి పైన ఉంటుంది కాబట్టి ఫోనును కొంచెం పైకి జరిపి పెట్టుకోవాలి, అలవాటు లేనివాళ్లు తికమకపడతారు. ఐటీసీకి మైకు చెవి రంధ్రం దగ్గరే ఉంటుంది. మామూలుగా ఎలా పెట్టుకుంటామో అలాగే ఫోను పెట్టుకుని మాట్లాడతాను. బెంగళూరులో ఉన్న మా అమ్మాయి ఇప్పుడు అరవాల్సిన పని లేదు.

రెండోది కళ్లజోడు. చెవి వెనక జోడు కాడ, మిషన్, కరోనా రోజుల్లో మాస్కు తాడు కూడా. మా అక్కయ్య మాస్కు తీస్తుంటే ఆమె మిషన్ ఎగిరి బస్టాండులో పడిపోయింది. వెతికి వెతికి వదిలేశారు. చెవి లోపలిదానికి ఆ భయం లేదు.

మూడోది మా వీధిలో నడిచేటప్పుడు తెలిసింది. బండి ఏ పక్కనుంచి వస్తోందో నాకు తెలుస్తోంది. దేవుడు మనకు చెవి డొప్పను ఊరికే ఇవ్వలేదు కదా. అది శబ్దాన్ని పోగుచేసి లోపలికి పంపుతుంది, ముందు నుంచి వచ్చేదానికీ వెనక నుంచి వచ్చేదానికీ తేడా చూపిస్తుంది. మైకు ఆ డొప్ప లోపలే ఉంటుంది కాబట్టి ఆ సాయం పోదు. గాలి హోరు కూడా తక్కువే.

అయితే మీ నాయన చెవికి అది సరిపోతుందో లేదో ఆడియోగ్రామ్ చూసినవాళ్లే చెప్పాలి.

చిత్తూరు గ్రానైట్

టీచరమ్మ చివరి మాట గట్టిగా పట్టుకో తమ్ముడూ. నేను గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో ఇరవై ఏళ్లు చేశాను. చెవులకు ఏమీ పెట్టుకోకుండానే. అప్పట్లో చెప్పేవాళ్లు లేరు. నాకు లోపం 80 డెసిబెల్స్ దాటి పోయింది, అంటే అంత గట్టి సౌండు అయితే గానీ వినపడదు. ఒక షాపులో పరీక్ష కాగితం కూడా సరిగా చూడకుండా "సార్, ఇది కనపడదు" అని ఐటీసీ అంటగట్టారు. నాకు వినపడాలంటే సౌండు బాగా పెంచాలి, పెంచితే కుయ్యిమని ఈల. తగ్గిస్తే మాట వినపడదు. తిరిగి తీసుకోమంటే "మీ చెవి కొలతకు చేసింది, ఇంకెవరికీ పనికిరాదు" అన్నారు. ఏడు నెలల జీతం పోయింది.

తర్వాత వేలూరు పోయి పరీక్ష చేయించుకుంటే చెవి వెనక పెట్టే పవర్ మిషన్ ఇచ్చారు. చెవి కొలతకు పోసిన గట్టి అచ్చుతో. ఇప్పుడు ఇంట్లో మాట బాగానే అందుతోంది. ఐటీసీ మంచిదే, కానీ నా చెవికి కాదు. ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే నా డబ్బు మిగిలేది.

తిరుపతి ఆడియాలజిస్ట్

నేను తిరుపతిలో వినికిడి పరీక్షలు చేసి మిషన్లు అమర్చే పనిలోనే ఉన్నాను. క్లినిక్ పేరు ఇక్కడ చెప్పను, ప్రచారం కోసం రావడం లేదు. గ్రానైట్ అన్న చెప్పింది చదివి బాధ కలిగింది. ఇలాంటివి వారానికి ఒకటైనా చూస్తాను.

కుర్రోడు గారూ, మీ నాయనగారి ఆడియోగ్రామ్‌లో 500, 1000, 2000, 4000 హెర్ట్జ్ దగ్గర అంకెలు ఎంత ఉన్నాయో రాయగలరా? కుడి చెవిది ఎరుపు సున్నాలతో, ఎడమది నీలం ఇంటూ గుర్తులతో ఉంటుంది.

కొర్లగుంట కుర్రోడు, తిరుపతి

కుడి 40, 45, 55, 65. ఎడమ 45, 50, 60, 70.

తిరుపతి ఆడియాలజిస్ట్

థాంక్స్. ఇవి డెసిబెల్స్. మొదటి మూడింటి సగటు తీస్తే కుడి సుమారు 47, ఎడమ సుమారు 52. అంటే మధ్యస్థాయి లోపం. ఐటీసీ స్వల్ప, మధ్యస్థాయి లోపాలకు బాగా పనిచేస్తుంది, 70 దాకా లాగగలదు. మీ నాయనగారి చెవి రంధ్రం మరీ సన్నగా లేకపోతే, చీము కారే అలవాటు లేకపోతే, ఆయనకు ఐటీసీ పెట్టవచ్చు. నా అభిప్రాయం అదే.

హెర్ట్జ్ అంటే శబ్దం ఎంత సన్నదో చెప్పే కొలత, ఎక్కువైతే సన్న శబ్దం. అంకెలు కుడివైపుకు పోయేకొద్దీ పెరుగుతున్నాయి చూడండి, అంటే సన్న శబ్దాల దగ్గర లోపం ఎక్కువ. అందుకే ఆయన "వినపడుతుంది" అంటారు. అది అబద్ధం కాదు, మొండితనం కూడా కాదు. అ, ఓ, ఊ లాంటి అచ్చుల బలం తక్కువ హెర్ట్జ్‌లలో ఉంటుంది, అవి ఆయనకు అందుతున్నాయి. మాటకు అర్థం ఇచ్చే స, శ, చ, త, ప లాంటి హల్లుల ఆనవాళ్లు పై హెర్ట్జ్‌లలో ఉంటాయి, అక్కడ చెవి సన్నగిల్లింది. మీ అమ్మగారు "పాలు" అన్నా "చాలు" అన్నా ఆయనకు "ఆలు" మాత్రమే చేరుతుంది. మిగతాది ఊహించుకోవాలి. రోజంతా ఊహించి ఊహించి మనిషి అలసిపోతాడు, చివరికి మాట్లాడటమే మానేస్తాడు. టీవీ సౌండు పెంచితే అచ్చులే ఇంకా గట్టిగా మోగుతాయి, హల్లులు అలాగే ఉంటాయి. మిషన్ ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత కావాలో అంతే పెంచుతుంది. అసలు తేడా అక్కడ ఉంది.

ఇంకా లోపలికి పోయే సీఐసీ కూడా మీకు చూపిస్తారు. బయటికి దాదాపు కనపడదు. కానీ 67 ఏళ్ల మనిషికి నేను ఐటీసీ వైపే మొగ్గుతాను. సైజు కొంచెం పెద్దది కాబట్టి వేళ్లతో పట్టుకోవడం సులువు. బ్యాటరీ పెద్దది, ఎక్కువ రోజులు వస్తుంది. రెండు మైకులు పెట్టే చోటు ఉంటుంది, దానివల్ల పెళ్లిలోనో హోటల్లోనో ఎదుట మనిషి మాట వెనక గోల కంటే ముందుకు వస్తుంది. సీఐసీలో మామూలుగా ఆ చోటు దొరకదు.

ఎడమ ఒక్కటే కొనండి, తర్వాత చూద్దాం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. లోపం రెండు చెవుల్లో ఉన్నప్పుడు రెండూ పెట్టుకుంటేనే శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో తెలుస్తుంది, గోలలో మాట తెలుస్తుంది. డబ్బు ఇబ్బంది అయితే మోడల్ ఒక మెట్టు తగ్గించి అయినా రెండు తీసుకోవడం మేలు.

మెట్లదారి భక్తుడు

నా అనుభవం ఒకటి. నేను ఏటా అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి పోతాను. ముందు చెవి వెనక మిషన్ ఉండేది. గాలిగోపురం చేరేసరికి చెమట చెవి వెనక కాలువలా కారేది. రెండుసార్లు రిపేరుకు పోయింది. ఐటీసీకి మారాక ఆ బాధ తగ్గింది. గుండు కొట్టించుకునేటప్పుడు మాత్రం తప్పకుండా తీసి డబ్బాలో పెట్టి జేబులో వేసుకోవాలి, తల మీద నీళ్లు పోస్తారు కదా. ఒకసారి మర్చిపోయి క్షవరం పీట మీద కూర్చున్నాక గుర్తొచ్చింది, గుండె ఆగినంత పనైంది.

పలమనేరు టీచరమ్మ

చెమట తగ్గుతుంది, గుబిలి మాత్రం పెరుగుతుంది, అది కూడా చెప్పాలి. మిషన్ చెవి లోపల ఉంటుంది కాబట్టి దాని సౌండు వచ్చే చిన్న రంధ్రంలో గుబిలి చేరుతుంది. "మిషన్ పాడైంది" అని నేను మూడుసార్లు తిరుపతికి బస్సెక్కాను. మూడుసార్లూ గుబిలే. ఇప్పుడు ప్రతి రాత్రీ మెత్తటి బ్రష్‌తో, రంధ్రం కిందివైపు ఉండేలా పట్టుకుని దులుపుతాను. వ్యాక్స్ గార్డ్ అని చిన్న జల్లెడలాంటిది ఉంటుంది, అది మూసుకుపోతే మార్చుకుంటాను. పిన్నీసు పెట్టి గుచ్చకూడదు. అసలు చెవిలోనూ గుచ్చకూడదు అనుకోండి.

ఇంకోటి. మన ఇళ్లలో తలంటు రోజు చెవిలో నాలుగు చుక్కల నూనె వేస్తారు. మిషన్ పెట్టుకునేవాళ్లు ఆ అలవాటు మానాలి. నూనె లోపల మిగిలితే మిషన్‌లో సౌండు వదిలే రిసీవర్‌లోకి పోతుంది.

రేణిగుంట రోడ్డు

నా ప్రశ్న వేరే. పెద్ద వయసులో చెవుడు సహజమే కదా. మా అబ్బ 80 ఏళ్లకు చెవిటివాడిగానే హాయిగా బతికాడు. ఆన్‌లైన్లో పదిహేను వందలకు మిషన్లు దొరుకుతుంటే ఇన్ని వేలు ఎందుకు?

తిరుపతి ఆడియాలజిస్ట్

అడగాల్సిన ప్రశ్నే. పదిహేను వందలవి చాలావరకు సౌండు పెంచే యంత్రాలు మాత్రమే. అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచుతాయి. బాగున్న హెర్ట్జ్‌లో అవసరం లేని మోత, పాడైన హెర్ట్జ్‌లో చాలీచాలని సౌండు. పైన ఎంత సౌండు దగ్గర ఆగాలో సరైన హద్దు లేకపోతే మిగిలిన వినికిడి కూడా దెబ్బతినే ప్రమాదం ఉంది.

మీ అబ్బగారి సంగతి నాకు తెలియదు, కానీ చెవుడు వచ్చినవాళ్లు హాయిగా ఉన్నట్టు కనిపించడం వేరు. నలుగురిలో కూర్చుని నవ్వు ఎందుకో తెలియక తామూ నవ్వేవాళ్లను నేను రోజూ చూస్తున్నాను. లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల బృందం 2017లోనూ, 2020లోనూ, 2024లోనూ మతిమరుపు జబ్బుకు మనం అడ్డుకోగల కారణాల్లో వినికిడి లోపాన్ని చేర్చింది. మిషన్ పెడితే మతిమరుపు రాదని నేను అనను, అలా హామీ ఇచ్చేవాళ్లను నమ్మకండి కూడా. కానీ మాట వినపడని మెదడుకు పని తగ్గుతుంది, మనిషి ఒంటరి అవుతాడు. అది చాలు నాకు, త్వరగా పెట్టుకోమని చెప్పడానికి.

ఖర్చు సంగతి: వినికిడి యంత్రాల మీద జీఎస్టీ లేదు. బిల్లులో కలిపితే అడగండి.

రేణిగుంట రోడ్డు

సరే సార్, అర్థమైంది. మా అమ్మకు కూడా పరీక్ష చేయిస్తాను. మా దగ్గర అంత డబ్బు లేదు, ఏదైనా దారి ఉందా?

చిత్తూరు గ్రానైట్

రాష్ట్రీయ వయోశ్రీ యోజన అని కేంద్ర పథకం ఉంది అన్నా. 2017లో మన నెల్లూరులోనే మొదలుపెట్టారు. పేద వృద్ధులకు క్యాంపుల్లో చెవి మిషన్లు, చేతికర్రలు, కళ్లజోళ్లు ఉచితంగా ఇస్తారు. మా పెద్దమ్మకు అలా వచ్చింది. చెవి వెనక పెట్టేదే ఇచ్చారు, ఐటీసీ కాదు. ఆమెకు అదే మేలైంది. ముందు తిరుపతి రుయా ఆసుపత్రిలో ఈఎన్‌టీకి చూపించి కాగితం చేతిలో పెట్టుకో.

గంగజాతర

అన్నలూ, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా తమ్ముడికి 34 ఏళ్లు. మొన్న ఉదయం లేచేసరికి కుడి చెవి పూర్తిగా వినపడటం లేదు, గుయ్యిమని మోత. జలుబు వల్ల అనుకున్నాం. ఒక్క చెవికే ఐటీసీ పెట్టుకోవచ్చా?

తిరుపతి ఆడియాలజిస్ట్

మిషన్ సంగతి ఇప్పుడు వద్దు. ఈ రోజే, ఇప్పుడే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. రుయా అయినా సరే, చిత్తూరు వైపు ఉంటే వేలూరు సీఎంసీ ఆసుపత్రి అయినా సరే. ఒక్కసారిగా నరం వినికిడి పడిపోతే అది అత్యవసరం. మొదటి రోజుల్లో స్టెరాయిడ్ మందులు మొదలుపెడితే తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది, వారాలు గడిస్తే ఆ అవకాశం తగ్గిపోతుంది. షుగర్ ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. రేపటిదాకా ఆగకండి.

గంగజాతర

బయలుదేరాం సార్. టెన్షన్‌గా ఉంది. చెప్పినందుకు దండం.

కొర్లగుంట కుర్రోడు, తిరుపతి

అందరికీ కృతజ్ఞతలు. నాయనకు ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను, గట్టిగా. పాలు, చాలు దగ్గరికి వచ్చేసరికి ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అదేరా, అదే" అన్నారు. అమ్మ కళ్లు తుడుచుకుంది. ఇన్నాళ్లూ కావాలని పట్టించుకోవడం లేదనుకుంది పాపం.

నిన్న అచ్చు తీశారు. చెవి లోపల దారం కట్టిన స్పాంజి ముక్క పెట్టి, రంగు పేస్టులాంటి సిలికాన్ ఎక్కించి ఐదు నిమిషాలు ఉంచారు. మధ్యలో నోరు తెరిచి మూయమన్నారు. రెండు వారాల్లో మిషన్లు వస్తాయట. డబ్బు కట్టే ముందు ఏం అడగాలి?

తిరుపతి ఆడియాలజిస్ట్

ముఖ్యంగా ఒకటి: అచ్చు సరిగా కూర్చోకపోతే డబ్బు తీసుకోకుండా మళ్లీ చేసి ఇస్తారా, ఎన్ని రోజుల్లోగా. దాన్ని బిల్లు మీద రాయించుకోండి. చెవికి చేసిన మిషన్‌లో ఇది మామూలుగా వచ్చే ఇబ్బందే, సిగ్గుపడాల్సింది లేదు. సెట్టింగులకు ఎన్నిసార్లు రావచ్చో కూడా అడగండి. కంప్యూటర్ చూపించిన సెట్టింగు పెట్టి పంపేయకుండా, చెవిలో సన్న గొట్టం పెట్టి కర్ణభేరి దగ్గర సౌండు ఎంత చేరుతోందో కొలిచే సౌకర్యం ఉంటే ఇంకా మంచిది.

పలమనేరు టీచరమ్మ

మొదటి రోజు ఆయన తీసి పక్కన పడేస్తారు, కంగారుపడకు నాయనా. తన గొంతు తనకే కుండలోంచి వచ్చినట్టు ఉంటుంది. చెవి మూసినట్టు ఉంటుంది కదా, అందుకని. మిషన్‌కు వెంట్ అని గాలి పోయే చిన్న దారి ఉంటుంది, అది పెద్దది చేస్తే కొంత తగ్గుతుంది. మిగతాది అలవాటు. నాకు మూడు వారాలు పట్టింది. మొదట ఇంట్లో రెండు మూడు గంటలు, ఒకరితో ఒకరు మాట్లాడుకునేటప్పుడు పెట్టించు. తర్వాత టీవీ, ఆ తర్వాత వీధి. పెళ్లికి మాత్రం మొదటి వారంలో తీసుకెళ్లకు.

బ్యాటరీ 312 అయితే గోధుమరంగు స్టిక్కర్ ఉంటుంది. స్టిక్కర్ పీకగానే పెట్టెయ్యకుండా ఒక నిమిషం గాలికి వదిలి పెట్టాలి, అవి గాలితో పనిచేసే బ్యాటరీలు. నాకు ఒక్కోటి వారం దాకా వస్తుంది. పీకిన స్టిక్కర్ మళ్లీ అతికించినా లాభం లేదు. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే పాత బ్యాటరీలు ఎక్కడపడితే అక్కడ వదలకండి, మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

గంగజాతర

తమ్ముడిని అడ్మిట్ చేశారు. స్టెరాయిడ్లు మొదలుపెట్టి ఆరు రోజులైంది. నిన్న కుడి చెవికి ఫోను పెడితే రింగు వినపడిందన్నాడు. మాట ఇంకా స్పష్టంగా లేదు. వచ్చే వారం మళ్లీ ఆడియోగ్రామ్.

తిరుపతి ఆడియాలజిస్ట్

చాలా సంతోషం. మోత ఎలా ఉందో కూడా డాక్టరుకు చెప్తూ ఉండండి.

కొర్లగుంట కుర్రోడు, తిరుపతి

నెల తర్వాత వస్తున్నాను. ఎడమది అన్నం నములుతుంటే జారి బయటికి వచ్చేది. బిల్లు మీద రాయించుకున్నాం కాబట్టి మాట లేకుండా మళ్లీ అచ్చు తీసి చేసి ఇచ్చారు. ఇప్పుడు కదలడం లేదు. మొదటి వారం కుక్కర్ విజిల్‌కు, స్టీలు గ్లాసు కింద పెట్టినా ఉలిక్కిపడేవారు. ఇప్పుడు రోజూ పొద్దున స్నానం అయ్యాక తానే పెట్టుకుంటున్నారు. స్కూటర్ మీద హెల్మెట్ కూడా మామూలుగానే పడుతోంది.

20న రెండో సెట్టింగు. ఎక్కడ సరిగా వినపడటం లేదో రాసి తీసుకురమ్మన్నారట. నాయన డ్యూటీ లాగ్ రాసినట్టు ఒక నోటుపుస్తకంలో రాశారు. బ్యాంకులో అద్దం వెనక అమ్మాయి మాట అందలేదు. ఫ్యాను కింద కూర్చుంటే హోరు. మూడోది చదివి నేను కాసేపు అలాగే కూర్చున్నాను: "రాత్రి మిషన్లు తీసి డబ్బాలో పెడతాం. అప్పుడు ఆమె పిలిస్తే ఎట్లా?"

దీనికి ఏం చెప్పాలి సార్?

తిరుపతి ఆడియాలజిస్ట్

రాత్రి తీయాల్సిందే, చెవికి గాలి తగలాలి, మిషన్ తేమ ఆరాలి. బ్యాటరీ తలుపు తెరిచి ఉంచండి. పిలుపుకు వేరే దారి ఉంది. వైర్‌లెస్ కాలింగ్ బెల్లుల్లో లైటు వెలిగేవి, దిండు కింద పెడితే అదిరేవి వస్తాయి. బటన్ అమ్మగారి దగ్గర, అదిరేది నాయనగారి దిండు కింద. ఒకటి వంటింట్లో, ఒకటి బాత్రూంలో నడుము ఎత్తుకు కాకుండా కింద, పడినా చెయ్యి అందే ఎత్తులో పెట్టండి.

కొర్లగుంట కుర్రోడు, తిరుపతి

తెచ్చాం. రెండు బటన్లు, నేల నుంచి జానెడు ఎత్తులో బిగించాను. రాత్రి పదకొండుకు అమ్మ పరీక్షగా వంటింట్లోది నొక్కింది. నాయన లేచి, లైటు వేసి, కళ్లజోడు కూడా పెట్టుకోకుండా వచ్చేశారు.

పలమనేరు టీచరమ్మ

ఆ బెల్లు ఎక్కడ దొరికిందో రాయి నాయనా. నేనూ ఒక్కదాన్నే ఉంటాను, పక్కింటి కోడలి దగ్గర పెట్టిస్తాను.